ముగింపు ముందే అచ్చేస్తే ప్రయోగం ఎందుకు?

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఎస్‌సీఈఆర్‌టీ సంచాలకులకు,



పిల్లలు చదివే సైన్సు పుస్తకాలు వెలువరించేదీ, వాటిని ఎలా బోధించాలో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చేదీ మీ సంస్థలే. అందుకే ఈ ఉత్తరం మీకు. నలుగురూ చదివేలా రాయడానికి కారణం, ఇందులో అడుగుతున్నవి మీరొక్కరే తలచుకుంటే అయ్యేవి కాకపోవడం. ప్రశ్నపత్రాలు కూర్చేవారూ, సైన్సు మాస్టార్లూ, ర్యాంకుల గురించి బెంగపెట్టుకున్న తల్లిదండ్రులూ కలిసి రావాలి.

అడగదలచుకున్నది ముందే చెబుతాను. శాస్త్రీయ పద్ధతి గురించి మన పిల్లలకు చాలానే చెబుతున్నాం. దాన్ని వాడి చూసే వీలు మాత్రం కల్పించడం లేదు. ఆ వీలు కలగాలంటే పుస్తకంలో కృత్యం కిందే అచ్చయి ఉంటున్న ముగింపు పోవాలి. సరైన జవాబుకు వేస్తున్న మార్కుల్లో కొన్నయినా, వచ్చిన రీడింగును వచ్చినట్టే రాసి, అది ఎందుకలా వచ్చిందో ఆలోచించిన పిల్లలకు దక్కాలి.

బాగా చదివే ఏ తొమ్మిదో తరగతి పిల్లనైనా శాస్త్రీయ పద్ధతి సోపానాలు అడిగి చూడండి. పరిశీలన, సమస్య, పరికల్పన, ప్రయోగం, విశ్లేషణ, నిర్ధారణ అని ఊపిరి తీసుకోకుండా అప్పజెబుతుంది. ‘మరి నువ్వు అనుకున్నది ఎప్పుడైనా తప్పని తేలిందా?’ అని అడగండి. ఆ ప్రశ్నకు ఆమె దగ్గర జవాబు ఉండదు. తనేమనుకుంటోందో చెప్పమని ఆమెను ఎవరూ అడగలేదు కదా! పుస్తకంలో కృత్యం ఎక్కడుంటే దాని ఫలితం కూడా అక్కడే ఉంటుంది. చదవడం వచ్చిన ఎవరికైనా ఇక ప్రయోగం చేయాల్సిన పని ఉండదు.

ఇంటర్‌కు వచ్చేసరికి ఈ అలవాటు ముదురుతుంది. లఘులోలకం ప్రయోగాన్నే తీసుకుందాం. దారానికి గుండు కట్టి, ఊపి, 20 డోలనాలకు పట్టిన కాలం కొలిచి, గురుత్వ త్వరణం లెక్కగట్టాలి. రెండు రాష్ట్రాల్లో ఏ కాలేజీ రికార్డు తెరిచినా జవాబు 980 సెం.మీ./సె² దగ్గరే ఉంటుంది. నిజంగా కొలిస్తే ఏమవుతుందో చూద్దాం. దారం పొడవు 50 సెంటీమీటర్లయితే ఒక డోలనానికి సుమారు 1.42 సెకన్లు, ఇరవైకి 28.4 సెకన్లు పడుతుంది. స్టాప్‌వాచ్ మీది వేలు కాస్త ముందో వెనకో పడుతుంది. 0.3 సెకను తేడా వచ్చిందనుకోండి. కాలంలో అది ఒక శాతం. సూత్రంలో కాలానికి వర్గం ఉంది కాబట్టి జవాబులో రెండు శాతం. అంటే నిజాయితీగా కొలిచిన తరగతిలో జవాబులు 960కీ 1000కీ మధ్య చెదిరి కనబడాలి. నలభై మంది రికార్డుల్లో నలభై సార్లూ 980 వచ్చిందంటే, జవాబు ముందు రాసుకుని రీడింగులు వెనక్కి కట్టారన్న మాట. సీనియర్ల రికార్డు దొరికితే ఆ శ్రమ కూడా అక్కర్లేదు.

ఇంకో విశేషం. గురుత్వ త్వరణం భూమ్మీద అన్నిచోట్లా ఒకేలా ఉండదు. ధ్రువాల దగ్గర కాస్త ఎక్కువ, భూమధ్యరేఖ దగ్గర కాస్త తక్కువ. హైదరాబాద్‌లో అది సుమారు 978. మన పిల్లలు దిద్ది దిద్ది రాస్తున్న 980 మన ఊరి విలువ కూడా కాదు!

ప్రాక్టికల్స్‌కు జంబ్లింగ్ ఉండాలా వద్దా అని ఏళ్లుగా వాదించుకున్నాం. ఏ పిల్లలు ఏ కాలేజీలో పరీక్ష రాయాలన్నదాని మీద జరిగిన చర్చ, వాళ్లను ఏం అడగాలన్నదాని మీద జరగలేదు. 967 వచ్చినవాడికి మార్కులు తగ్గి, 980 దించినవాడికి పూర్తి మార్కులు పడే పరీక్షను ఏ కేంద్రంలో పెట్టినా పిల్లలకు అది నేర్పేది ఒకటే: కంటితో చూసినదాని కన్నా పెద్దలు ఆశించింది రాయడం క్షేమం.

ఈ పాఠం బడి దాటి ఎక్కడిదాకా వెళ్తుందో గ్రహణం రోజున తెలుస్తుంది. గ్రహణం పట్టినప్పుడల్లా మన ఊళ్లలో పళ్లెంలో నీళ్లు పోసి రోకలి నిలబెడతారు. అది నిలబడుతుంది. టీవీల్లో చూపిస్తారు, ఫోన్లలో వీడియోలు తిరుగుతాయి. మర్నాడు బడిలో సైన్సు మాస్టారు ‘అదంతా మూఢనమ్మకం’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. పిల్లవాడి వైపు నుంచి చూడండి. నాయనమ్మ ఒకటి చెప్పింది, మాస్టారు ఇంకొకటి చెప్పారు. పైగా నాయనమ్మ చేసి చూపించింది. మాస్టారు చూపించలేదు. ఆ రోజు ఆ ఇంట్లో సైన్సుకు దగ్గరగా నడుచుకున్నది నాయనమ్మే అనాలి.

మాస్టారు చేయగలిగిన పని వేరే ఉంది. గ్రహణం లేని ఓ మామూలు మంగళవారం అదే రోకలిని బడికి తెప్పించాలి. అదే పళ్లెం, అన్నే నీళ్లు, వీలైతే నిలబెట్టే మనిషి కూడా అదే. రోజు ఒక్కటే మారాలి, తక్కినవేవీ మారకూడదు. మొదలుపెట్టే ముందు ప్రతి పిల్లా తన నోటుబుక్కులో రెండు వాక్యాలు రాసుకోవాలి: నేను ఏమనుకుంటున్నాను, ఏం జరిగితే నా మాట తప్పని ఒప్పుకుంటాను. ఆ తర్వాత పదిసార్లు నిలబెట్టి, ఎన్నిసార్లు నిలిచిందో లెక్క రాయాలి. మంగళవారం కూడా రోకలి నిలబడితే గ్రహణానికి అందులో పాత్ర లేదని పిల్లలే తేలుస్తారు. ఎవరినీ ఎగతాళి చేయాల్సిన పనిలేదు.

అసలు మజా అక్కడి నుంచి మొదలవుతుంది. కొన్ని రోకళ్లు ఎందుకు నిలబడవు? పొన్ను అడుగు చదునుగా ఉన్నది నిలుస్తోందా? అరిగి గుండ్రమైనది పడిపోతోందా? నీళ్లు లేకుండా ఏమవుతుంది? గరిమనాభి పాఠం పిల్లలకు ఇంతకన్నా బాగా ఎక్కే దారి నాకు తెలియదు. ఇలాంటివి చేయిస్తే ఎవరి మనోభావాలో దెబ్బతింటాయని కొందరు ఉపాధ్యాయులు జంకుతారు. శాస్త్రీయ దృక్పథాన్నీ, పరిశీలించి తెలుసుకునే స్వభావాన్నీ పెంపొందించుకోవడం పౌరుల ప్రాథమిక విధి అని 1976లో 42వ సవరణ ద్వారా రాజ్యాంగంలో 51ఏ అధికరణం చేరింది. ఆ మాటను మీ ఉపాధ్యాయ కరదీపికలో, ఇలాంటి కృత్యం పక్కనే అచ్చేస్తే మాస్టారికి కాస్త ధైర్యంగా ఉంటుంది.

పాఠ్యపుస్తకం చరిత్రను కూడా ఇలాగే ముగింపుతో మొదలుపెడుతుంది. మలేరియా క్రిమిని దోమలో కనుగొన్నది ఎవరు? రోనాల్డ్ రాస్. ఒక మార్కు. ఆ పని జరిగింది మన బేగంపేటలో, 1897 ఆగస్టు 20న. ఆ తేదీకి ముందు రెండేళ్లు ఏం జరిగిందో పిల్లలకు ఎవరూ చెప్పరు. మలేరియాకూ దోమకూ సంబంధం ఉందన్న ఊహ రాస్‌కు లండన్‌లోని పాట్రిక్ మాన్సన్ నుంచి వచ్చింది. రోగిని కుట్టిన దోమ నీళ్లలో పడి చస్తుందనీ, ఆ నీళ్లు తాగినవాళ్లకు జబ్బు వస్తుందనీ ఆయన అనుకున్నాడు. రాస్ పరీక్షించి చూస్తే ఆ నీళ్ల సంగతి నిలబడలేదు. 1895 నుంచి అతను దోమల్ని కోసి సూక్ష్మదర్శిని కింద వెతుకుతూనే ఉన్నాడు. ఏమీ కనబడలేదు. అతను కోస్తున్నవి క్యూలెక్స్, ఏడిస్ రకాలు. మనుషుల మలేరియా క్రిమి వాటిలో పెరగదు.

1897 ఆగస్టులో రెక్కల మీద మచ్చలున్న కొత్త రకం దోమలు చేతికొచ్చాయి. పట్టి తెచ్చిన లార్వాలను పెంచితే వచ్చిన దోమలవి. అంటే అంతకుముందు ఎవరినీ కుట్టినవి కావు. వాటిని హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి మీద వదిలాడు. కుట్టించుకున్నందుకు అతనికి దోమకో అణా ఇచ్చాడు. కొద్ది రోజులాగి కోసి చూస్తే కడుపు గోడలో నల్లటి రేణువులున్న కణాలు కనిపించాయి. మలేరియా రోగి రక్తంలో కనిపించే రంగు రేణువులే అవి. మర్నాడు కోసిన దోమలో ఆ కణాలు ఇంకా పెద్దవయ్యాయి. అంటే అక్కడ ఏదో పెరుగుతోంది. అయినా దోమ నుంచి క్రిమి ఎలా బయటికి వెళ్తుందో అప్పటికి తేలలేదు. ఈలోగా రాస్‌ను బదిలీ చేశారు. 1898లో కలకత్తాలో, ఈసారి పక్షుల మలేరియా మీద పనిచేసి, క్రిమి దోమ లాలాజల గ్రంథుల్లోకి చేరుతుందని చూపించాడు. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ కథను ఏడో తరగతిలో రెండు పీరియడ్లు చెప్పించండి. రెండేళ్లు ఏమీ కనబడని చోట ఆపించండి. ‘నువ్వయితే ఇప్పుడేం చేస్తావు? ఊహ తప్పంటావా, వెతికే చోటు తప్పంటావా?’ అని మాస్టారు అడగాలి. దోమల్ని లార్వాల నుంచి ఎందుకు పెంచాల్సివచ్చిందో పిల్లలే చెప్పాలి. సోపానాల పట్టికలో పైనుంచి కిందికి ఒకేసారి దిగిపోయే దారి సైన్సులో ఉండదని, వెనక్కి వెళ్లి మళ్లీ మొదలుపెట్టడం కూడా అందులో భాగమేనని వాళ్లకు అప్పుడు తెలుస్తుంది. చక్కగా వివరించిన పిల్లకు ఆ ఒక్క మార్కు కాదు, నాలుగు ఇవ్వచ్చు.

ఇక పిల్లలు సొంతంగా చేయాల్సిన పని. మన ప్రభుత్వ బడుల పిల్లల్లో ఎందరివో వ్యవసాయ కుటుంబాలు. ఏటా వానాకాలం ముందు నకిలీ విత్తనాల వార్తలు వస్తాయి. అమ్మే విత్తనాలకు కనీస మొలక శాతం ఉండాలన్న నియమం ఉంది: వరికి 80, సోయాకు 70. కొన్న సంచిలోవి ఆ శాతం మొలుస్తాయో లేదో తడిగోనెలో గింజలు చుట్టి తేల్చుకోవడం రైతులు ఎరిగిన పనే. దీన్ని బడిలో చేయించండి. ఒక పిల్లవాడు సంచి పైనుంచి పది గింజలు తీసి నానబెడతాడు, ఆరు మొలుస్తాయి. ‘నకిలీ’ అంటాడు. పక్కవాడికి అదే సంచిలో పదికి తొమ్మిది మొలుస్తాయి. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. మరి ఎవరి మాట నమ్మాలి?

ఇక్కడ మాస్టారు జవాబు చెప్పకూడదు. పది గింజలు చాలవని, పైనుంచి తీస్తే అడుగున ఉన్నవాటి సంగతి తెలియదని, ఇద్దరూ ఒకే తడిలో ఒకేచోట ఉంచారా అని అడగాలని పిల్లలకే తట్టాలి. తడుతుంది కూడా. విత్తన పరీక్ష ప్రయోగశాలల్లో సంచిలో వేర్వేరు చోట్ల నుంచి తీసిన గింజల్లోంచి 400 లెక్కపెట్టి, వందేసి చొప్పున నాలుగు భాగాలుగా మొలకెత్తిస్తారని అప్పుడు చెబితే, ఆ నాలుగొందలు ఎందుకో వాళ్లకు వివరించనక్కర్లేదు. నమూనా, పునరావృత్తి, చరరాశిని అదుపులో ఉంచడం లాంటి మాటలన్నీ పని అయ్యాక పేర్లుగా వస్తే గుర్తుంటాయి. ముందే నిర్వచనాలుగా వస్తే పరీక్ష దాకానే ఉంటాయి.

ఇలాంటి ప్రశ్నలకు మన చుట్టూ కొరతేమీ లేదు. ఏ బోరు నీళ్లలో సబ్బు నురగ తొందరగా వస్తుందో చుక్కలు లెక్కపెట్టి ఊరి పటం మీద గుర్తించవచ్చు. తోడు లేకుండా పచ్చిమిరప తొడిమెలు వేస్తే పాలు తోడుకుంటాయంటారు. తొడిమెలు వేసిన గిన్నె, ఏమీ వేయని గిన్నె పక్కపక్కన పెట్టి చూడవచ్చు. ఏమీ వేయని ఆ రెండో గిన్నె ఎందుకు కావాలో అర్థమైన పిల్ల, పెద్దయ్యాక ఏ మందు ప్రకటన చూసినా ‘వేసుకోనివాళ్లకు ఎంతమందికి తగ్గింది?’ అని అడుగుతుంది.

ఇవన్నీ కాగితం మీద బాగానే ఉంటాయి, సర్కారు బడిలో నడుస్తాయా అంటారేమో. మన దేశంలోనే నడిచింది. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో కిశోర్ భారతి, రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే రెండు సంస్థలు 16 మాధ్యమిక పాఠశాలల్లో ఒక సైన్సు కార్యక్రమం మొదలుపెట్టాయి. 1978కి అది జిల్లాలోని మాధ్యమిక బడులన్నిటికీ విస్తరించింది. 1982లో ఏర్పడిన ఏకలవ్య సంస్థ తర్వాత దాన్ని నడిపింది. ‘బాల్ వైజ్ఞానిక్’ అనే వాళ్ల పుస్తకాల్లో కృత్యాలుండేవి, ప్రశ్నలుండేవి, జవాబులు ఉండేవి కావు. పిల్లలు చేసి చూసి, చర్చించి, జవాబులు తామే రాసుకోవాలి. బడికి చవకైన కిట్టు ఇచ్చేవారు. ఉపాధ్యాయులకు వేసవిలో శిక్షణ, నెలనెలా సమావేశం ఉండేవి. విశ్వవిద్యాలయాల శాస్త్రవేత్తలు వచ్చి మాస్టార్లతో కలిసి ప్రయోగాలు చేసేవారు. సవాలీరామ్ అనే కల్పిత వ్యక్తికి పిల్లలు తమ సందేహాలు ఉత్తరాలుగా రాస్తే జవాబులు వచ్చేవి.

ఆ కార్యక్రమం నుంచి మనం నేర్చుకోవాల్సిన ముఖ్య విషయం పరీక్షది. ఎనిమిదో తరగతి చివర పిల్లలు పుస్తకం దగ్గర పెట్టుకునే పరీక్ష రాసేవారు. ప్రయోగ పరీక్ష వేరే ఉండేది. బట్టీ కొట్టినా లాభం లేని ప్రశ్నలు పరీక్షలో వస్తాయి కాబట్టి తరగతిలో ప్రయోగాలు జరిగేవి. పుస్తకం మార్చి పరీక్ష మార్చకుండా వదిలేసిన సంస్కరణలు మనం చాలా చూశాం. అవి మొదటి సమ్మెటివ్ పరీక్ష దాకా కూడా బతకవు. హోషంగాబాద్ కార్యక్రమాన్ని 2002లో రాష్ట్ర ప్రభుత్వం ఆపేసింది. ముప్పై ఏళ్లు సర్కారు బడుల్లో, మామూలు ఉపాధ్యాయులతో నడిచిందన్నది మాత్రం చెరగని నిజం.

అభ్యంతరాలు నాకు తెలుసు. సిలబస్ పూర్తికాదు అంటారు. ప్రతి పాఠాన్నీ ఇలా చెప్పమని అడగడం లేదు. పరమాణువు లోపల ఏముందో పిల్లలు దారం, రాయి పట్టుకుని కనుక్కోలేరు. అది పుస్తకం చెప్పాల్సిందే. ఆరు నుంచి తొమ్మిది వరకు తరగతికి ఏడాదికి రెండే అడుగుతున్నాను. ఒక్కో తరగతిలో అరవై మంది ఉన్నారంటే, గింజల లెక్కకు అంతమంది ఉండటమే మేలు. పరికరాల్లేవంటే, పైన చెప్పినవాటిలో లేబొరేటరీ అవసరమైనది ఒక్కటీ లేదు. ప్రాజెక్టులను గైడ్లలోంచి, జిరాక్స్ సెంటర్ల నుంచి తెచ్చేస్తారు అంటారా? మా ఊరి బోరు నీళ్ల జవాబు ఏ గైడులోనూ దొరకదు.

గట్టి అభ్యంతరం ఒకటుంది. జవాబు తెలియని ప్రశ్నతో అరవై మంది ముందు నిలబడటం మాస్టారికి భయం. బీఈడీలో కూడా ఆయనకు ఎవరూ అలాంటి ప్రశ్న ఇవ్వలేదు. ఆ భయం ఉపన్యాసాలతో పోదు. శిక్షణలో ఉపాధ్యాయుల చేత కూడా ఫలితం తెలియని ప్రయోగం చేయించాలి. వాళ్ల జవాబులు తేడాగా రావాలి, వాళ్లూ వాదించుకోవాలి. ఆ తర్వాత స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో సర్క్యులర్లు చదవడం తగ్గించి, పిల్లల నోటుబుక్కులు బల్ల మీద పెట్టి మాట్లాడుకోనివ్వండి.

కాబట్టి నా విన్నపాలు ఇవి. తరగతికి రెండు కృత్యాల కింద ముగింపును తీసేసి, పిల్లలు రాసుకోవడానికి చోటు వదలండి. ఆ రెండింటికీ మార్కులు ఎలా వేయాలో స్పష్టంగా రాసివ్వండి: ముందుగా రాసుకున్న ఊహకు, రీడింగును దిద్దకుండా రాసినందుకు, తేడా వస్తే కారణం వెతికినందుకు, మళ్లీ చేస్తే ఏం మారుస్తారో చెప్పినందుకు. ఊహ తప్పయితే మార్కు తగ్గకూడదు. ఇక వార్షిక పరీక్షలో ఇలాంటి ప్రశ్న ఒక్కటి తప్పనిసరి చేయండి: ‘ఒక రైతు సంచి పైనుంచి 10 గింజలు తీసి నానబెడితే 6 మొలిచాయి. విత్తనాలు నకిలీవని తేల్చాడు. ఈ నిర్ణయంలో లోపాలేమిటి? నువ్వయితే ఎలా పరీక్షిస్తావు?’

ఈ విన్నపం కూడా ఒక ఊహే కాబట్టి దాన్నీ పరీక్షించండి. వచ్చే ఏడు కొన్ని మండలాల బడులకు ఖాళీ వదిలిన పుస్తకాలు, వాటిలాంటి ఇంకొన్ని మండలాలకు ఇప్పుడున్న పుస్తకాలు ఇవ్వండి. ఏ మండలానికి ఏవి అన్నది చీటీలు తీసి నిర్ణయించండి. ఏడాది చివర రెండు వర్గాల పిల్లలకూ పైన చెప్పిన గింజల ప్రశ్నే ఇచ్చి, ఏ బడి పేపరో తెలియనివారితో దిద్దించండి. రెంటికీ తేడా లేకపోతే నేను చెప్పింది తప్పు. ముగింపులు మళ్లీ అచ్చేయించుకోవచ్చు. తేడా ఉంటే మాత్రం ఆ లెక్కలను దాచకుండా ప్రకటించి, తక్కిన బడులన్నిటికీ ఖాళీ పుస్తకాలే పంపండి.

ఇట్లు,
ఒక భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు